మెట్టసీమలో యువజన సంఘాల అల్లిక

మా నెల్లూరు సీమలో పిల్లలను 'పిలకాయలు' అంటారు. మీసాలు వచ్చినవాడూ పెద్దల నోట పిలకాయే, పెండ్లియై బిడ్డను ఎత్తుకొన్నవాడూ కొంతకాలం పిలకాయే. కాబట్టి ఊరి మధ్య గదికి 'యువజన సంఘము' అని ఎంత పెద్ద అక్షరాలతో బోర్డు వ్రాయించినా, అరుగుల మీది వృద్ధులకు అది 'పిలకాయల సంఘం'గానే చెల్లుతుంది. మొదటి పేరు పైనుండి వచ్చినది. సర్కారు కాగితంలో, రిజిస్ట్రారు ముద్రలో, ఢిల్లీ వార్షిక నివేదికలో కనిపించేది. రెండవది ఊరి పేరు. ఈ రెండు పేర్ల నడుమ ఎంత దూరమున్నదో, ఆ దూరాన్ని ఎవరు ఎప్పుడెప్పుడు నడిచి కలిపినారో తెలిసికొంటే గ్రామీణ యువజన సంఘాల చరిత్ర చాలావరకు తెలిసినట్లే. ఆ ప్రయత్నమే ఈ వ్యాసం.

ఉదయగిరి అనగానే సాహిత్యాభిమానులకు శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి గెలిచిన గిరిదుర్గం స్ఫురిస్తుంది. ఆ కొండకు చుట్టుప్రక్కల వరికుంటపాడు, దుత్తలూరు, సీతారామపురం, వింజమూరు, కలిగిరి – ఇదంతా మెట్ట. వరికుంటపాడు పేరులో వరి ఉన్నది, కుంట ఉన్నది. నీరు మాత్రం దేవుడిచ్చినప్పుడే. ('పాడు' చూసి పాడుబడిన ఊరని కొందరు చమత్కరిస్తారు. పల్లె, పూడి, పఱ్ఱు వలెనే గ్రామనామాల చివర వచ్చే జనపద వాచకమది. పాడుతో సంబంధం లేదు.) పెన్న కాలువల క్రింది డెల్టాకు, ఈ మెట్టకు జిల్లా ఒక్కటే గాని బ్రతుకు వేరు. వాన ఎక్కువ భాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకే. చాలచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు. చదివిన పిలకాయ నెల్లూరుకో, బెంగళూరుకో, హైదరాబాదుకో పోవలసినదే. యువజన సంఘం గురించి మాట్లాడేటప్పుడు ఈ చివరి మాట మరువరాదు. సంఘానికి నేడు కార్యదర్శిగా ఉన్నవాడు మరుసటి సంక్రాంతికి ఊరికి చుట్టపుచూపుగా వచ్చేవాడు కావచ్చు.

పల్లెలలో యువకులు సంఘంగా కూడడం స్వాతంత్ర్యానంతరపు సర్కారు పథకాలతో మొదలైనది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన నాటినుండి ఊరూరా పఠనమందిరాలు వెలసినవి. వాటిని పెట్టినవారు అధికంగా ఇరువదేండ్ల, ముప్పదేండ్ల వయసువారు. అయ్యంకి వెంకటరమణయ్యగారి గొప్పతనం గ్రంథాలయాలు పెట్టించడంలో కంటె వాటిని ఒకదానితో ఒకటి ముడివేయడంలో ఉన్నదని నా అభిప్రాయం. 'గ్రంథాలయ సర్వస్వము' అనే పత్రిక, ఏటేటా మహాసభలు, గ్రంథాలయ యాత్రలు – ఈ మూడూ ఆ ముళ్లు. ఒక ఊరిలో నలుగురు కూడి పది పుస్తకాలు పెడితే అది గ్రంథాలయం. ఆ ఊరి సంగతి పత్రికలో పడి, ప్రక్క ఊరివాడు చదివి, యాత్రగా వచ్చినవారు చూచి పోతే అది ఉద్యమం.

నెల్లూరు జిల్లాకే వస్తే, పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించినారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్యగార్ల యౌవనం దానికి పెట్టుబడి. పొణకా కనకమ్మగారి భూదానం దానికి నేల. అక్కడ తర్ఫీదైన యువకులు ఖద్దరు, అస్పృశ్యతా నివారణ అంటూ పల్లెలకు నడిచి వెళ్లినారు. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1930వ దశకంలో తన స్వగ్రామం అలగానిపాడులో వ్యవసాయ కూలీలను సంఘటితం చేసినారు. 1937 వేసవిలో కొత్తపట్నంలో యువకులకు రాజకీయ పాఠశాల పెట్టగా ప్రభుత్వం దానిని నిషేధించినది. కాంగ్రెసువారి పద్ధతి వేరు, కమ్యూనిస్టుల సిద్ధాంతం వేరు. కాని అల్లిక విషయంలో ఇద్దరిదీ ఒక్కటే మార్గం. ఒకచోట కొందరిని కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చి, వారిని తిరిగి వారి వారి ఊళ్లకే పంపడం. కొత్తపట్నం పాఠశాలను మూయించిన పాలకులకు ఈ సంగతి మనకంటె బాగా తెలుసు. వారు భయపడినది పాఠానికి కాదు, పాఠం విని ఊళ్లకు పోయేవారికి.

స్వతంత్రం వచ్చిన పిమ్మట 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనది. సుమారు నూరు గ్రామాలకు, అరువది డెబ్బది వేల జనానికి ఒక బ్లాకు. బ్లాకుకు ఒక అభివృద్ధి అధికారి, పదిమంది గ్రామసేవకులు, సాంఘిక విద్యకు ప్రత్యేకంగా అధికారులు. యువజన సంఘం, మహిళా మండలి, బాలవాడి అన్న మూడు మాటలు పల్లె నోటికి అలవాటైనది ఆ కాలంలోనే. గ్రామసేవకుని చేతిలో ఉన్న పనుల జాబితా కొండవీటి చేంతాడు. విత్తనాలు, ఎరువులు, పశువుల టీకాలు, పొగరాని పొయ్యిలు – వీటి చివర ఎక్కడో యువజన సంఘం. లెక్క చూపవలసి వచ్చినప్పుడు సంఘాలు పుట్టేవి, లెక్క ముగిసిన తరువాత నిద్రించేవి. 1957లో బలవంతరాయ్ మెహతా సంఘం ఇచ్చిన నివేదిక సమాజ వికాసంలో జనం చొరవ లేదని తేల్చి, పంచాయతీరాజ్యానికి దారి చూపినది. మన రాష్ట్రంలో 1959లో పంచాయతీ సమితులు వచ్చినవి. దానితో ఊరి పెద్దలకు పదవులు వచ్చినవి. పిలకాయలకు మాత్రం ప్రత్యేకంగా ఏమీ రాలేదు.

వారికంటూ వచ్చినది 1972లో. ఆ ఏడు నవంబరు 14న, నెహ్రూ జయంతినాడు, నెహ్రూ యువక కేంద్రాల పథకం ప్రారంభమైనది. కళాశాల విద్యార్థులకు అప్పటికే 1969లో జాతీయ సేవా పథకం వచ్చియున్నది. కళాశాల మొగం చూడని పల్లె యువకులకు ఏదీ లేదన్న లోటు తీర్చడం దీని ఉద్దేశ్యం. 1987లో ఈ కేంద్రాలన్నింటినీ కలిపి 'నెహ్రూ యువ కేంద్ర సంఘటన్' అనే స్వయంప్రతిపత్తి సంస్థగా మార్చినారు. పైన ఢిల్లీలో కార్యాలయం, కేంద్రమంత్రి అధ్యక్షులుగా పాలకమండలి. రాష్ట్రంలో ఒక కార్యాలయం. జిల్లాలో యువజన సమన్వయాధికారి, గణకుడు, ఇద్దరు ముగ్గురు సిబ్బంది. కలెక్టరు అధ్యక్షతన సలహాసంఘం. గత దశాబ్దం నాటికి దేశం మొత్తం మీద 623 కేంద్రాలు. ఇంతవరకు జీతం ఉన్నది. జీతగాళ్ల వరుస జిల్లా కేంద్రంతో ఆగిపోతుంది.

నెల్లూరులోని కార్యాలయానికి, వరికుంటపాడు మండలంలోని ఒక పల్లెకు నడుమ ఉన్నది ఎవరు? స్వచ్ఛంద సేవకుడు. 1970ల చివర వచ్చిన జాతీయ సేవా వాలంటీరు పథకం నాటినుండి ఈ పాత్ర పేర్లు మార్చుకొంటూ వస్తున్నది. 2010-11లో దానిని జాతీయ యువ దళంగా మార్చినారు. బ్లాకుకు ఇద్దరు, రెండేండ్ల గడువు, మొదట నెలకు 2,500 రూపాయలు, తరువాత 5,000 రూపాయల గౌరవవేతనం. ఈ ఇద్దరే ఊరూరా తిరిగి ఉన్న సంఘాలను పలకరించాలి, లేనిచోట పుట్టించాలి, కార్యక్రమాలు జరిపించాలి, ఫోటోలు, నివేదికలు జిల్లాకు పంపాలి. మెట్టలో బస్సు రోజుకు ఒకటి రెండు మార్లు తిరిగే ఊళ్లున్న కాలంలో ఈ పని సైకిలు మీద జరిగేది. మూడు అంచెల భవనం కట్టి, దాని బరువంతా ఇద్దరు పిలకాయల సైకిలు మీద పెట్టినట్లున్నది గదా!

అయినా ఆ సైకిలు నడిచినన్నాళ్లూ పని జరిగింది. అది గమనించవలసిన సంగతి.

ఇక సంఘం లోపలి సంగతి. కనీసం ఏడుగురు కూడితే సంఘాన్ని రిజిస్టరు చేయవచ్చు. ఆంధ్ర ప్రాంతంలో చిరకాలం 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషను చట్టం క్రింద జరిగేది. 2001లో రాష్ట్రానికి స్వంత చట్టం వచ్చినది. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, కోశాధికారి, ఇద్దరు సభ్యులు – ఏడు సంఖ్యకు కార్యవర్గం అచ్చంగా సరిపోతుంది. సామాన్య సభ్యుడు అంటూ ఒక్కడూ మిగలని సంఘాలు ఈ కారణంగానే మన పల్లెలలో విరివిగా కనిపిస్తాయి. నియమావళి వ్రాసి, జిల్లా రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించి, ఏటా కార్యవర్గ జాబితా సమర్పించాలి. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి. సభ్యత్వ పుస్తకం, నగదు పుస్తకం, సామగ్రి పుస్తకం, అన్నింటికీ మిన్నగా తీర్మానాల పుస్తకం ఉండాలి.

ఈ తీర్మానాల పుస్తకం గురించి తెలుగు పండితునిగా నాలుగు మాటలు చెప్పక తప్పదు. నియమావళులు, అర్జీలు వ్రాసిపెట్టమని పిలకాయలు బడికి వచ్చేవారు గనుక అటువంటి పుస్తకాలు కొన్ని నేను చూచియున్నాను. 'తీర్మానించడమైనది', 'ఏకగ్రీవముగా ఆమోదించడమైనది', 'పై ఖర్చునకు అనుమతి ఇవ్వడమైనది' – కర్త ఎవరో తెలియని ఈ కర్మణి వాక్యాలు మన కార్యాలయాల సొత్తు. పదవ తరగతి తప్పిన కుర్రవాడు సైతం రెండేండ్లు కార్యదర్శిగా ఉంటే ఈ భాషను ఒడిసి పట్టేవాడు. బడిలో మేము ఎంత చెప్పినా పట్టుపడని లేఖారచన వానికి ఇక్కడ పట్టుపడేది, ఎందుకంటే ఇక్కడ వ్రాసిన వాక్యానికి ఫలితం ఉన్నది. వీధి దీపానికని వ్రాసిన అర్జీకి దీపం వెలిగితే ఆ వాక్యం ఎవరూ మరచిపోరు. కొన్ని పుస్తకాలలో మొదటి పది పుటలు ముత్యాల వలె ఉండి, తరువాత దస్తూరి మారి, ఆపైన తేదీలు దూరమై, చివరకు తెల్లకాగితాలు మిగిలేవి. కార్యదర్శి ఎప్పుడు ఊరు విడిచినాడో పుట చూసి చెప్పవచ్చు.

కేంద్రం నుండి సంఘానికి నెలనెలా నిధి ఏదీ రాదు. ఇది తెలియక చాలమంది 'ఆ సంఘాలకు డబ్బులు వస్తాయట' అనుకొంటారు. వచ్చేవి అప్పుడప్పుడు వాలీబాలు, నెట్టు, కొన్ని క్రీడాసామగ్రులు. కుట్టు శిక్షణ వంటి కార్యక్రమం మంజూరైతే దానికి పరిమితమైన సొమ్ము. జిల్లాలో ఉత్తమ సంఘానికి బహుమతి. మిగిలినదంతా చందాలు, శ్రమదానం. జనవరి 12న వివేకానంద జయంతిని 1985 నుండి జాతీయ యువజన దినంగా జరుపుతున్నారు. దాని వెంట వారోత్సవం. మా ఊళ్లలో అది సంక్రాంతి వారం. వలసపోయినవారు ఇంటికి వచ్చే వారం. ఈ తిథి కుదిరినంత చక్కగా మరొకటి కుదరలేదు. ముగ్గుల పోటీ, కబడ్డీ, వాలీబాలు, రక్తదానం అన్నీ ఆ వారంలోనే నిండుగా సాగేవి. దానికి పూర్తిగా విరుద్ధం ఫిబ్రవరి, మార్చి నెలలు. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది గనుక మిగిలిన కార్యక్రమాలన్నీ ఆ రెండు నెలలలో కుమ్మరించేవారు. అవి పరీక్షల నెలలు! ఉన్న కాస్త చదువుకొనే పిలకాయలను గదిలోనుండి లాగి సదస్సులో కూర్చోబెట్టవలసి వచ్చేది. నవంబరు నెలలో జాతీయ సమైక్యతా వారం వస్తుంది. మెట్ట రైతుకు అది వాన చూచి విత్తే అదను. ఢిల్లీ పంచాంగానికి, మెట్ట పంచాంగానికి ఒక్క జనవరిలోనే పొత్తు.

ఈ అల్లికకు అసలైన పరీక్ష 1990 ప్రాంతంలో వచ్చినది. విచిత్రమేమంటే, అది యువజన సంఘాల పేరున రాలేదు.

1988లో జాతీయ అక్షరాస్యతా మిషను ఏర్పడినది. నాలుగైదు గ్రామాలకు ఒకటిగా జనశిక్షణ నిలయాలు, ఒక్కొక్కదానికి ఒక 'ప్రేరక్' అన్న ఏర్పాటు అప్పటిదే. అదే ఏడు ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో జనవిజ్ఞాన వేదిక పుట్టినది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లాగా ప్రకటింపబడగా, ఆ ఊపుతో 'అక్షరదీపం' పేర నెల్లూరు జిల్లా కూడ పూనుకొన్నది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా సమితి, దాని క్రింద మండల సమితి, గ్రామ సమితి. పదిమందికి ఒకరు చొప్పున జీతంలేని బోధకులు. మూడు వాచకాలు, సుమారు రెండువందల గంటల చదువు. బోధకులు ఊరిలో అంతో ఇంతో చదివిన పిలకాయలే, ఆడపిల్లలు సహా. కళాజాతాలు పాటలు, నాటికలతో ఊరూరా తిరిగినవి. ఉపాధ్యాయులు మండల బాధ్యులుగా కూర్చున్నారు. చదువుకొనడానికి వచ్చినవారిలో స్త్రీలే అధికం.

పైకి చూస్తే ఇదీ నెహ్రూ యువక కేంద్రం వలెనే ఢిల్లీ నుండి పల్లె దాకా జారిన నిచ్చెన. రెండు తేడాలున్నవి. బ్లాకుకు ఇద్దరు అన్నచోట ఇక్కడ మధ్యమెట్టు మనుషులతో క్రిక్కిరిసి ఉన్నది: ప్రేరక్కులు, ఉపాధ్యాయులు, జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు, జాతా కళాకారులు. ఈ ఊరి మాట ఆ ఊరికి మోసేవారు ఒక్కరు కాదు, పదిమంది. రెండవది, అందరికీ చేతిలో ఒకే పని ఉన్నది, అది ప్రతి సాయంకాలం చేయవలసిన పని. ఏడాదికి రెండుమార్లు జరిగే పోటీలకూ, ప్రతి రాత్రి లాంతరు వెలిగించి కూర్చోవడానికీ పోలిక లేదు.

ఫలితం లోకానికి తెలిసినదే. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మగారు, తోడి స్త్రీలు తమ ఊరి సారా అమ్మకాన్ని అడ్డుకొన్నారు. ఆ అనుభవం అక్షరాస్యతా వాచకంలో పాఠంగా మారినది. 'సీతమ్మ కథ', 'ఆడవాళ్లు ఏకమైతే' అనే ఆ పాఠాలు రాత్రిబడులలో చదువబడినవి. చదివిన ఊళ్లలో 'వారు చేయగా మనమెందుకు చేయరాదు' అన్న ప్రశ్న పుట్టినది. 1992 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో నెల్లూరులో సారా వేలంపాటలు మరలమరల వాయిదా పడినవి. పత్రికలు, ముఖ్యంగా 'ఈనాడు', ఆ వార్తలను పుటల నిండా వేసినవి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించినారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయిన మాట నిజమే. నేను ఇక్కడ చూస్తున్నది నిషేధపు ఆయుర్దాయాన్ని కాదు. సర్కారు తన పనికోసం పరచిన బాట మీద, సర్కారు ఖజానాకే అడ్డుపడే మాట ఒక ఊరినుండి వేరొక ఊరికి ఎట్లా నడిచిపోయినది అన్న సంగతిని. సారా రాబడి ప్రభుత్వానిది, వాచకమూ ప్రభుత్వానిదే! ఈ వైచిత్రి చరిత్రలో అరుదు.

మరి ఆ రోజులలో యువజన సంఘాలు ఏమి చేసినవి? పాఠాలు చెప్పిన పిలకాయలలో సంఘ సభ్యులున్నారు. లాంతరు క్రింద అక్షరం దిద్దించినది వారే. కాని నడిచినది స్త్రీలు. యువజన సంఘం అన్నప్పుడు 'జన' శబ్దంలో స్త్రీ పురుషులిద్దరూ ఇమిడియున్నారని వ్యాకరణం చెబుతుంది. ఊరి గదిలోనికి తొంగి చూస్తే వ్యాకరణం ఓడిపోతుంది. క్యారమ్ బోర్డు చుట్టూ మగపిలకాయలే. ఆడపిల్లలకు కుట్టు శిక్షణ విడిగా, మహిళా మండలి విడిగా. సంఘం గది ఏ వీధిలో ఉన్నది అన్నది కూడ ఒక ప్రశ్న. అది పెద్ద ఇండ్ల నడుమ రామాలయం ప్రక్కన ఉంటే దళితవాడ పిలకాయలు గుమ్మం దాటి రారు, లేదా వారు వేరొక సంఘం పెట్టుకొంటారు. అంబేడ్కర్ యువజన సంఘాలు అనేకం అట్లా పుట్టినవే. ఒకే ఊరిలో రెండు సంఘాలున్నవంటే ఊరు చైతన్యవంతమని నివేదికలో వ్రాసేవారు. ఎందుకు రెండైనవో వ్రాసే గడి ఆ పత్రంలో ఉండదు. రాత్రిబడి ఈ గోడను పూర్తిగా కూల్చినదని చెప్పను. కాని అది వాడవాడకూ వెళ్లినది. గదిలో కూర్చుని రమ్మని పిలువలేదు.

ఆ వేడి చల్లారకముందే వేరొక గాలి వీచినది. 1990ల రెండవ భాగంలో ముఖ్యమంత్రి పేరున యువజన పథకం వచ్చినది. సీఎంఈవై గ్రూపులని జనం పిలిచినది దానినే. పల్లె యువకులు గుంపుగా చేరి పొదుపు చేయాలి, శ్రమదానం చేయాలి, సర్కారు రాయితీ, బ్యాంకు ఋణంతో ఏదైనా వృత్తి పెట్టుకోవాలి. నిరుద్యోగం నిండిన మెట్టలో దీనిని తప్పుపట్టలేము. కొందరు నిలదొక్కుకొన్నారు కూడ. సంఘం అన్న మాటకు మాత్రం అర్థం మారినది. అంతకు ముందు 'సంఘం పెడదాం' అంటే ఆట, గది, నాటకం, శ్రమదానం. ఆ తరువాత అదే మాటకు 'ఏమి వస్తుంది?' అన్న ప్రశ్న ఎదురయినది. ఋణం చేతికి వచ్చిన గుంపు మరి కలుసుకోదు, రాని గుంపు అలిగి విడిపోతుంది.

అదే కాలంలో అదే జిల్లాలో స్త్రీల పొదుపు సంఘాలు ఎందుకు నిలిచినవి? సారా ఉద్యమం వెనువెంట నెల్లూరులో 'పొదుపులక్ష్మి' సంఘాలు లేచినవి. రోజుకు రూపాయి చొప్పున దాచడం వారి తొలి నియమం. వాటికీ ఋణాలే, వాటికీ సర్కారే. తేడా కట్టడంలో ఉన్నది. పది పదిహేనుమంది సంఘం, ఊరి సంఘాలన్నీ కలిసి గ్రామ సంఘం, వాటిపైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య – ఈ మెట్లు 2000 తరువాత వెలుగు పథకం నాటికి స్థిరపడినవి. ప్రతి మెట్టులో క్రిందివారు పంపిన స్త్రీయే కూర్చుంటుంది, నెలనెలా కలవక తప్పదు. యువజన సంఘాలకు కొన్ని ఊళ్లను కలిపి యువజన వికాస కేంద్రాలు పెట్టే ప్రయత్నం జరిగినది గాని, క్రింది నుండి ఎన్నికై పైకి పోయే మెట్టు కుదురుకోలేదు. వరికుంటపాడు మండలపు సంఘాల కార్యదర్శులందరు నెలకొకసారి తమంతట తాము ఒకచోట కూడే అలవాటు ఉండియుంటే, నెల్లూరు నుండి వాలంటీరు రాని సంవత్సరంలో కూడ అల్లిక తెగేది కాదు.

మరియొక కారణం ఏ పథకానిదీ కాదు. పొదుపు సంఘంలో చేరిన స్త్రీ ఆ ఊరి కోడలు. ఇరువదేండ్లు అక్కడే ఉంటుంది. యువజన సంఘపు సభ్యునికి యౌవనమే అర్హత. 1988 నాటి విధానం ముప్పదియైదేండ్ల దాకా యువకుడన్నది, 2014 విధానం పదునైదు నుండి ఇరువది తొమ్మిదికి తగ్గించినది. కాగితం మీద వయసు ఎంతైనా, మెట్టలో సంఘపు యౌవనం ఇంటరు తప్పిన నాటినుండి వలస బస్సు ఎక్కేదాకా. మూడు నాలుగేండ్లు. పోయేవాడు తరువాతివానికి పుస్తకం, తాళంచెవి, తెలిసిన అధికారి పేరు అప్పగించిపోతే సంఘం సాగుతుంది. సినిమా అభిమాన సంఘాలు, వినాయకచవితి కమిటీలు ఏ రిజిస్ట్రేషనూ లేకుండ తరాలు నడవడానికి మూలమిదే. అక్కడ తమ్ముడు అన్న వెంట తిరుగుతూ పందిరి గుంజ పాతినప్పటినుండే పని నేర్చుకొంటాడు. పరిహాసానికి అనడం లేదు. చందా వసూలు, లెక్క చెప్పడం, ఊరేగింపు నడపడం, తగవు తీర్చడం – సంఘం నడపడానికి కావలసిన విద్యలన్నీ ఆ కమిటీలలో ఉన్నవి. లేనిది తీర్మానాల పుస్తకం ఒక్కటే.

2023 అక్టోబరు 31న 'మేరా యువ భారత్' వచ్చినది. పదునైదు మొదలు ఇరువది తొమ్మిదేండ్ల లోపు యువకుడు తన ఫోనులో తానే పేరు నమోదు చేసుకొనవచ్చు. వరికుంటపాడులోని పిలకాయకు ఢిల్లీకి నడుమ జిల్లా లేదు, మండలం లేదు, సైకిలు లేదు. సమాచారం చేరడానికి ఇంతకంటె దగ్గర దారి లేదు. కాని ప్రక్క ఊరిలో నమోదైన పిలకాయ ఎవరో వీనికి ఎవరు చెబుతారు? బోరునీటి పరీక్ష ఫలితం ఊరికి ఎవరు వినిపిస్తారు? ఫ్లోరైడు ఉన్న బోరుకు, లేని బోరుకు తేడా తెలిపి, ఏ నీరు త్రాగాలో ఇంటింటికి తిరిగి చెప్పేపని ఫోనులో నమోదైన ఒంటరివాడు చేయలేడు. నలుగురు కావాలి, వారు రేపు కూడ ఊళ్లో ఉండాలి.

ఈ చరిత్ర వ్రాయడానికి ఆధారాలు సర్కారు నివేదికలలో కొద్దిగా దొరుకుతాయి. అసలు ఆధారాలు గది బీరువాలలో, మాజీ కార్యదర్శుల ఇండ్ల అటకల మీద ఉన్నవి. చెదలు వాటిని మనకంటె ముందుగా చదువుతున్నవి. మీలో ఎవరి ఊరిలోనైనా 1970లు, 80ల నాటి యువజన సంఘపు తీర్మానాల పుస్తకమో, రాత్రిబడి హాజరుపట్టీయో, కళాజాతా పాటల కాగితమో ఉంటే దయచేసి ప్రతి పుటనూ ఫోటో తీసి పెట్టండి. అక్షరదోషాలు దిద్దకండి. 'తీర్మాణించడమైనది' అని ఉంటే అట్లాగే ఉండనీయండి. సంతకాలు, వ్రేలిముద్రలు ఉన్న పుటలను మరింత జాగ్రత్తగా తీయండి. ఒకే పుస్తకంలో ముందు వ్రేలిముద్ర వేసినవారు తరువాతి పుటలలో సంతకం చేసియుంటే ఆ రెండు తేదీలను విడిగా గుర్తించి ఉంచండి.